తలుపు బయటి సాక్షి

దగ్గరికి జరుగు. ఇంకాస్త. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

"ఆర్విల్, ఆ తలుపు కాస్త ఓరగా తీసి ఉంచితే నీ సొమ్మేం పోతుందిరా?" అంది వెర్నా, బల్ల మీంచి మళ్ళీ లేస్తూ.

కోర్టు హాలు తలుపు దగ్గర కాపలా నించున్న పోలీసు డిప్యూటీ ఆర్విల్ నవ్వాడు. "సొమ్ము కాదమ్మా, ఉద్యోగం పోతుంది. మీరు సాక్షి. సాక్షి మిగతావాళ్ళ మాటలు వినకూడదు. వింటే దాన్నిబట్టి మాట మార్చుకుంటారని భయం. మీ పేరు జాబితాలో లేకపోతే దర్జాగా ముందు వరసలో కూర్చునేవారు."

"కన్నతల్లిని బయట కూర్చోబెట్టే రూలు ఏ టీవీలోనూ చూళ్ళేదు."

"టీవీలో కేసు గంటలో తేలిపోతుంది. మధ్యలో సబ్బుల ప్రకటనలు కూడా."

"చర్చిలో ఆదివారం బడిలో నీకు నిజం చెప్పడం నేర్పింది నేనేరా, మర్చిపోకు."

"అందుకే చెప్తున్నానమ్మా. కూర్చోండి."

అమెరికాలో కెంటకీ కొండల్లో చిన్న ఊరు అది. విచారణ మొదలై అది మూడో రోజు. లోపల ముద్దాయి వెర్నా ఒక్కగానొక్క కొడుకు లానీ. మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి, తన ఇంటి ముందు రోడ్డు పక్కన నించున్న ముసలి ఎస్టెప్‌ను ఒక ట్రక్కు గుద్దేసి వెళ్ళిపోయింది. ఆయన రోడ్డు పక్క కాలవలోనే ప్రాణం వదిలాడు. ఆ ట్రక్కు నడిపింది లానీయేనని ప్రభుత్వ ప్లీడరు వాదన. కాదని లానీ ప్లీడరు విట్ వాదన. ఎవరిది నిజమో తేల్చేది జడ్జి కాదు, ఊళ్ళోంచి ఏరి కూర్చోబెట్టిన పన్నెండుమంది.

వెర్నాకు నమ్మకం ఉంది. ముప్పై ఏళ్ళుగా మధ్యాహ్నం పూట టీవీలో కోర్టు నాటకాలు చూసిన మనిషి. అన్నిట్లోనూ ఆఖర్న తలుపు తెరుచుకుంటుంది, ఎవరో లోపలికొచ్చి ఒక్క మాట చెప్తారు, కేసు అడ్డం తిరుగుతుంది. ఆ ఒక్క మాట తన దగ్గర ఉంది: "అయిదింటికి మావాడు నా వంటింట్లో చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే తింటున్నాడు." అద్దం ముందు నాలుగు రకాలుగా చెప్పి చూసుకుంది కూడా.

తనని సాక్షుల జాబితాలోకి ఎక్కించి బయట కూర్చోబెట్టింది మాత్రం ప్రభుత్వ ప్లీడరేనని ఆమె తేల్చేసుకుంది. తల్లి కన్నీళ్ళు ఆ పన్నెండుమందీ చూస్తే తన కేసు పోతుందని వాడి ఎత్తు.

బల్ల నుంచి నీళ్ళ కుళాయికి పదకొండు అడుగులు. వెళ్ళింది, తాగలేదు, వచ్చింది. చేతిసంచిలోంచి లానీ జైలు నుంచి రాసిన ఉత్తరం తీసింది. ఎడంచేతి వాటం వాడిది. గాలికి గడ్డి వాలినట్టు అక్షరాలన్నీ వెనక్కి వాలిపోయి ఉంటాయి. 'అమ్మా, వేళకి తిను' అని రెండుసార్లు రాశాడు.

భోజనాల వేళకి తలుపు తెరుచుకుంది. ఆడపడుచు హేజెల్ బయటికొచ్చింది. వెర్నా పంది మాంసం పెట్టిన రొట్టె చేతికిచ్చి, "ఏమన్నారే లోపల?" అంది.

"చెప్పకూడదు వదినా. జడ్జి గట్టిగా చెప్పాడు." హేజెల్ పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్క ముక్క. బాగుందా, బాగాలేదా?"

"నువ్వు తిను వదినా."

"నీ మొహం చూస్తే పెళ్ళినుంచి వచ్చినట్టు లేదు. ఉండు, నన్ను పిలవనీ. అయిదింటికి వాడు..."

"గడియారం నిజంగా చూశావా?"

"కొడుకు ఇంట్లో ఉన్నాడని తెలియడానికి తల్లికి గడియారం కావాలా?"

హేజెల్ విప్పని పొట్లం మడత మళ్ళీ గట్టిగా నొక్కింది.

అంతలో లానీని అటుగా తీసుకెళ్ళారు, పక్కన విట్. "అమ్మా, కాళ్ళు లాగుతున్నాయా? అక్కడే కూర్చో. లోపలికి మాత్రం రాకు," అన్నాడు లానీ.

"పిలిస్తే రానా?"

లానీ విట్ వైపు చూశాడు. విట్ చేతిలో కాగితాలు సర్దుకున్నాడు.

నాలుగింటికి ఆర్విల్ తలుపు బార్లా తీశాడు. "రండమ్మా. ఇప్పుడు రావొచ్చు. తీర్పు చెప్తున్నారు."

"నేనింకా సాక్ష్యం చెప్పందే?"

"సాక్షులు అయిపోయారమ్మా."

ఆమె లోపల అడుగుపెట్టేసరికి పన్నెండుమందిలో ఒకాయన లేచి నించున్నాడు. ఆ మూడు రోజుల్లో ఆ హాల్లో వెర్నా విన్నది ఒకే ఒక్క మాట: "దోషి."

లానీ ఆ పన్నెండుమంది వైపు చూడలేదు. తల్లి మొహం చూశాడు. చూసి, ఊపిరి వదిలాడు.

వరండాలో వెర్నా హేజెల్ చెయ్యి పట్టుకుంది. "కేసు అయిపోయిందిగా. ఇప్పుడైనా చెప్పు, లోపల ఏం చెప్పారు?"

"చెప్పనని మాటిచ్చాను వదినా."

"జడ్జికా?"

"కాదు."

వెర్నా ఇక ఆగలేదు. మెట్లు దిగుతున్న ప్రభుత్వ ప్లీడరుకి అడ్డంపడింది. "తల్లిని బయట కట్టేసి గెలిచావు. సిగ్గులేదూ?"

ఆయన తెల్లబోయాడు. "నేనా? మీ పేరు నా జాబితాలో లేదమ్మా. మీ అబ్బాయి ప్లీడరు ఇచ్చినదాంట్లో ఉంది." సంచిలోంచి కాగితం తీసి చూపించాడు. పేర్లన్నీ టైపు కొట్టి ఉన్నాయి. అడుగున ఒక్క పేరు మాత్రం పెన్సిలుతో రాసి ఉంది. వెర్నా టాకెట్.

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది. ఇంకేమీ అడగలేదు.

ఈ కథ గుర్తుంచుకో. రేపు నువ్వెవరికైనా చెప్తే, ఆమె ఆ కాగితంలో చూసిందేమిటో ఆఖర్నే చెప్పు, తొందరపడకు.

ఆ అక్షరాలన్నీ వెనక్కి వాలి ఉన్నాయి.