పాత వాషరు

"మూత తియ్యకముందే చెప్తున్నా. ఇందులో లీకు మందు పోశారు. ఒక డబ్బా కాదు, రెండు."

బానెట్ ఎత్తి నిలబడ్డ మెకానిక్కమ్మ మాటకి ఆ ఇంటి అమ్మాయి నోరు తెరిచింది. ఆ అమ్మాయికి పెళ్లయి రెండేళ్లు. కారు మాత్రం అంతకు ముందే తన జీతంతో కొనుక్కున్నది.

"చూడకుండా ఎలా చెప్పారక్కా? మా ఆయనే పోశారు."

"వాసన." మెకానిక్కమ్మ రేడియేటర్ మూత తిప్పింది. లోపలంతా తుప్పురంగు బురద. "కారే చోటు వెతకడం మానేసి పైనుంచి ఏదో ఒకటి పోసి నోరు మూయించే రకం. ఈ రేడియేటర్ పని అయిపోయింది. ఇంజన్‌కి గాలి కొట్టే టర్బోకి ఆయిల్ తీసుకెళ్లే పైపు కూడా పగిలింది. ఆ ఆయిల్ కాలే ఎగ్జాస్ట్ గొట్టం మీద పడిందంటే బండి అంటుకుంటుంది, తెలుసా?"

"ఐదింటికల్లా అయిపోతుందా?"

"ఐదింటికేముంది?"

"పాత ఇనుము కొనేవాణ్ణి వెంటబెట్టుకొస్తానన్నారు మా ఆయన. బండి చచ్చిందట, తూకానికి ఇచ్చేస్తారట." అమ్మాయి గొంతు తగ్గించింది. "రేపు పొద్దున్న నేను ల్యాబులో చేరాలక్కా. ఊరూరా తిరిగి రక్తం నమూనాలు తెచ్చే పని. సొంత బండి ఉంటేనే ఇస్తామన్నారు. లేదంటే ఇంకొకరికి."

"మీ ఆయనకి చెప్పావా?"

"చెప్పాను. ఆ మర్నాడే బండి చచ్చిందన్నారు."

 మెకానిక్కమ్మ చొక్కా చేతులు మడిచి బండి కిందికి దూరింది.

అంతకు ముందు నలుగురు మెకానిక్కులకి ఫోను చేసింది అమ్మాయి. బండిని షెడ్డుకి తోలుకురమ్మన్నారు నలుగురూ. కదలని బండిని ఎలా తోలుకెళ్లాలో ఒక్కడూ చెప్పలేదు. ఈవిడ మాత్రం ఇంటి నంబరు అడిగి, దాన్ని రెండోసారి చెప్పించుకుని, వస్తానంది. ఏ బండో, ఎక్కడెక్కడ కారుతోందో ఫోన్లోనే అడిగి, కొత్త రేడియేటర్, కొత్త పైపు వెంట తెచ్చుకునే వచ్చింది.

"బొమ్మలా నిలబడకు. బేసిన్ పట్టు."

బురద నీళ్లు బేసిన్‌లోకి దిగాయి. పైనొక హోసు, కిందొక హోసు, ఫ్యాను, నాలుగు బోల్టులు ఊడాయి. పాత రేడియేటర్ బయటికొచ్చి గోడకి చేరగిలబడింది. మెకానిక్కమ్మ బకెట్ పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లి నీళ్లు తెచ్చింది.

"ఆ కుళాయి గట్టిగా పైకెత్తి తిప్పితేగానీ రాదు. చెబుదామనుకునేలోపే వెళ్లిపోయారు."

"వచ్చిందిలే. హోసు లోపల కడుగు."

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నారక్కా?"

"షెడ్డులో. ఊడ్చే పనికి చేరాను. రెణ్ణెల్లకి స్పానర్లు అందించాను. ఏడాదికి మేస్త్రీ తప్పులు పట్టాను."

"అంతకు ముందు?"

"వంటా వార్పూ. అందులో ఎన్నేళ్లు చేసినా ప్రమోషన్ రాదు."

అమ్మాయి పకపకా నవ్వింది. ఆ ఇంటి ముందు ఆ నవ్వు కాస్త కొత్తగానే వినపడింది.

"నవ్వింది చాలు. నీ చెయ్యి సన్నం, ఆ సందులోకి పడుతుంది. ఆయిల్ పైపు నువ్వే బిగించు. ఆయిల్ కారకుండా బోల్టుకి పైనొకటి, కిందొకటి, రెండు రాగి వాషర్లు. రెండూ కొత్తవే. వింటున్నావా?"

"ఆఁ, ఆఁ."

మెకానిక్కమ్మ కొత్త రేడియేటర్ కూర్చోబెట్టి, క్లిప్పులు బిగించి, కూలెంట్ నింపింది. డీజిల్ అందకుండా ఫ్యూజు పీకి, ఇంజన్‌ని ఊరికే తిప్పించింది. "ముందు టర్బోకి ఆయిల్ చేరాలి. ఎండిపోయినదాన్ని పరుగెత్తమంటే చస్తుంది. మనుషులైనా అంతే."

ఫ్యూజు పెట్టి స్టార్ట్ చేశారు. పైపు మొదట్లో నల్లగా ఒక బొట్టు. వెనకే ఇంకొకటి.

"ఆపు! ఆపెయ్!"

మెకానిక్కమ్మ బోల్టు ఊడదీయించి చూసింది. కింది వాషరు పాతది.

"ఇదేంటి? కొత్తవి రెండిచ్చానా లేదా?"

అమ్మాయి తలొంచుకుంది. "ఒకటి కవర్లో దాచాను. పాతది బాగానే ఉంది కదా అని... పారేస్తే ఆయన అడుగుతారక్కా. ఈ ఇంట్లో ఏది పారెయ్యాలన్నా అడిగే పారెయ్యాలి."

 తిట్టబోయిన మెకానిక్కమ్మ ఆ వాషరుని బోల్టు నుంచి లాగింది.

"ఒకసారి నలిగిన రాగి మళ్లీ అతకదమ్మాయ్," అంది మెల్లగా. "ఇదిగో. నువ్వే పారెయ్."

అమ్మాయి దాన్ని గుప్పిట్లో పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత బలంకొద్దీ విసిరింది. గోడ అవతల ఎక్కడో టింగుమంది.

"నాలుగు దాటిందక్కా! వచ్చేస్తారేమో!"

"రాడు. ఐదంటే ఐదే."

"మీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా, ఐదని. చెయ్యి పెట్టు, బిగించు."

ఈసారి బొట్టు పడలేదు. హీటర్ వేసి, గాలి బుడగలన్నీ పోయేదాకా ఇంజన్‌ని నడిపారు. పావుగంట గడిచినా వేడి చూపించే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. అమ్మాయి లోపలికి పరుగెత్తి ఒక సంచీ, కాగితాల ఫైలు తెచ్చి వెనక సీట్లో పడేసింది.

"ల్యాబు పక్కనే గది చూసుకున్నాను. చీటీ రాసి బల్ల మీద పెట్టాను."

"మంచిది. చదువుతాడని మాత్రం ఆశపడకు."

"ఎక్కండక్కా, షెడ్డు దగ్గర దింపుతాను."

"వద్దు. నీది అటు, నాది ఇటు. వంద కిలోమీటర్లకోసారి ఆపి బానెట్ ఎత్తి చూడు. ఊరికే అద్దంలో వెనక్కి చూస్తూ కూచోకు. కదులు!"

కారు వీధి మలుపు తిరిగింది. అది నిలబడ్డ చోట ఒక్క చుక్కా లేదు. ఐదుకి ఇంకా పది నిమిషాలుంది.

స్పానర్ల సంచీ భుజాన వేసుకుని, ఆ ఇంటాయన మొదటి భార్య గేటు మూసింది.