నోరుగల పిల్ల

హాల్లోంచి మళ్ళీ ఆ నవ్వు వినిపించింది. గిన్నెలు తోముతున్న ప్రశాంతి చేయి ఆగిపోయింది.

తొంగి చూసింది. కంప్యూటరు ముందు తోడికోడలు మహిత. పక్కనే ముక్కాలిపీట మీద అత్త దేవకమ్మ, ఒళ్ళో చేట, చేటలో వేరుశనక్కాయలు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలు. "వద్దొద్దు మే!" అంటూ అత్త మహిత భుజం మీద తట్టడం, మళ్ళీ నవ్వులు.

ప్రశాంతి గుమ్మంలోకి రాగానే అంతా బంద్. దేవకమ్మ గబగబా కళ్ళజోడు తీసేసింది.

"ఈ పెట్టెకు కరెంటు బిల్లు ఎవురు కట్టేది?" అని గొణుగుతూ కాయలు ఒలవసాగింది.

ప్రశాంతికి ఒళ్ళు మండింది. పాకాలలో బెల్లం మండీ ఉన్న ఇంటికి పెద్దకోడలు తను. పొద్దున లేస్తే ఇల్లంతా తన రెక్కల మీదే నడుస్తుంది. తనతో ఏనాడూ పని మాటలు తప్ప మాట్లాడని అత్తకు, నిన్నగాక మొన్న వచ్చిన మహితతో ఈ ముచ్చట్లేమిటి?

పైగా తాళాల సంగతొకటి. "నాకింక మోకాళ్ళు మడవను కావడం లేదు. శుక్రారం పూజైనాక సామాన్ల గది తాళాలు ఎవురో ఒగురికి ఇచ్చేస్తా" అంది దేవకమ్మ. ఎవరో ఒకరికట! పెద్దకోడలు ఎదురుగా నిలబడి ఉండగా ఆ మాట ఎందుకు రావాలి?

కంప్యూటరు మరిది యోగానంద కొన్నాడు. దాంతోపాటే తిరుపతి నుంచి ఒక ఆట సీడీ తెచ్చాడు. కోడళ్ళిద్దరూ ఎవరి పేరుతో వాళ్ళు సేవ్ చేసుకుని ఆడుకునేవాళ్ళు. ఆటలో మనమొక ఊరికి పెద్ద. అడుగడుగునా ఒక ప్రశ్న ఎదురవుతుంది. దాహమన్నవాడికి నీళ్ళు పోస్తావా, పొమ్మంటావా? దొంగను కొడతావా, వదిలేస్తావా? మనం చేసింది ఆ జనం మరిచిపోరు. ఆనక అది మనకే తగులుతుంది.

మొదట్లోనే గొర్రెలు కాసే పిల్లొకతె వచ్చి మనతో చేరుతుంది. దానికి నోరెక్కువ. మనం ఒకటంటే అది నాలుగంటుంది. తరిమేయమని ఊరివాళ్ళు మాటిమాటికీ వచ్చి గొడవ చేస్తారు.

ప్రశాంతి మొదటిసారే తరిమేసింది. "పెద్దా సిన్నా లేకుండా ఏం పొగురు మే దీనికి!" అని మీట నొక్కింది. ఆ రోజు పక్కనే కూర్చుని చూస్తున్న దేవకమ్మ లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ప్రశాంతి ఆట చూడడానికి రాలేదు.

తర్వాత తోడేళ్ళు మందను తిన్నాయి. కేకేసి చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇప్పుడు ప్రశాంతి కనబడితే ఆ ఊళ్ళో తలుపులు వేసుకుంటారు.

మహిత పేరున్న ఆటను ఒకసారి దొంగచాటుగా తెరిచి చూసింది. అక్కడ పిల్లలు ఎదురొస్తున్నారు, ముసలివాళ్ళు దీవిస్తున్నారు. ఆ నోరుగల పిల్లే తోడేళ్ళను తరిమి, ఊరికి కాపలా కాస్తోంది. ఇంకా వాగుతూనే ఉంది. ఊరంతా దాని మాటలు నవ్వుతూ పడుతోంది.

ఓహో, ఇదా సంగతి! అత్తను పక్కన కూర్చోబెట్టుకుని తన మంచితనం చూపిస్తోందన్నమాట మహారాణి. తాళాలు కొట్టేయడానికే ఈ వేషాలన్నీ.

అన్నం సయించలేదు. మొగుడు ప్రతాప్‌తో చెప్పుకుంటే, "ఆటకు కూడా ఏడ్సేదేంది మే?" అని ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

గురువారం అత్తా మహితా సంతకు వెళ్ళారు. ప్రశాంతి కంప్యూటరు పెట్టి, మహిత ఆట తెరిచి, గొర్రెల పిల్లను పిలిచింది. వెళ్ళిపొమ్మంది.

నిజంగానేనా అని అడిగింది ఆట. అవునని నొక్కింది.

ఎప్పుడూ ఒకటికి నాలుగనే ఆ పిల్ల ఈసారి ఒక్క మాటా అనలేదు. కర్ర తీసుకుని నడిచింది. ఊరు దాటుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ప్రశాంతికి మనసులో ఎక్కడో చివుక్కుమంది. అయినా పాతదాని మీదే సేవ్ చేసేసింది.

శుక్రవారం పూజ అయింది. దేవకమ్మ బొడ్లోంచి తాళాల గుత్తి తీసి చేతిలో పట్టుకుంది.

"ప్రశాంతీ, నువ్వు పొయ్యి అందరికీ పొంగలి పెట్టు. ఆనక పిలుస్తా" అంది.

తనను పంపించేసి దానికి ఇస్తుందన్నమాట! ప్రశాంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొంగలి గిన్నె చేత్తో పట్టుకుని తలుపు చాటునే నిలబడింది. హాల్లో మహిత కంప్యూటరు ఆన్ చేసిన చప్పుడైంది. సరే, ఆ ముచ్చటా చూసే పోదాం అనుకుంది.

తెర మీద ఊరి తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఎవరో రాయి విసిరారు. మహిత ముఖం పాలిపోయింది. ప్రశాంతికి ప్రాణం లేచొచ్చినట్టయింది.

"అత్తా, నేను కాదు. నాకేం తెలీదు" అంది మహిత ఏడుపు గొంతుతో.

దేవకమ్మ ముందుకు వంగి తెరంతా వెతికింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నోరు పెద్దదైనా మనసు మంచిది, అచ్చం మన ప్రశాంతి మాదిరే ఉండాదని, ఊరంతా తరిమేయమన్నా నేను ప్రతిసారీ నీ చేత వద్దని నొక్కించి కాపాడుకొన్న ఆ బిడ్డను ఎవురు మే ఎళ్ళగొట్టింది?" అంది.