తలుపవతలి ఆమెన్

రాయ్‌పూర్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏప్రిల్ అది. మా ఆయన శామ్సన్ జ్వరంతో మా రైల్వే క్వార్టర్ వెనక గదిలో, లోపల గడియ పెట్టుకుని ఒంటరిగా ఉన్నారు. ఇంట్లో మేమిద్దరమే. రోజూ రాత్రి గుమ్మం ముందు కంచం పెట్టి, మా అలవాటు ప్రకారం నేను పైకి ప్రార్థన చేసేదాన్ని. లోపలినుంచి ఆయన "ఆమెన్" అన్నాకే నా ప్రాణం కుదుటపడేది.

ఆ సాయంత్రం ఫోన్‌లో ఆయన గొంతు హుషారుగా ఉంది. "బుఖార్ పూరా దిగిపోయింది హన్నా. ఇక టెన్షన్ వద్దు. రాత్రికి చారన్నం పెట్టు."

ఏడుపు ఆపుకుంటూ వేడివేడిగా వడ్డించి తీసుకెళ్ళాను. కళ్ళు మూసుకుని యేసయ్యకు స్తోత్రం చెప్పుకున్నాను.

"ఆమెన్" అని వినిపించింది. అది ఆడగొంతు.

ఆ గదికి ఇంకో తలుపు లేదు. కిటికీకి ఊచలున్నాయి.

"ఏవండీ! లోపలెవరు?" అంటూ తలుపు దబదబా బాదాను.

మా ఆయన లోపల ఎవరితోనో గుసగుసగా అన్నారు.

"తలుపు తియ్యకు హన్నా. బయటెవరో అచ్చం నీ గొంతుతోనే పిలుస్తున్నారు."