ఎనిమిది కత్తెరలు

"మిషనొద్దా? మరి దేంతో కోస్తావమ్మా, పళ్ళతోనా?"

పనిముట్ల కొట్టు పెద్దాయన ముప్పై ఏళ్ళుగా చేతులు చూసి మనుషుల్ని అంచనా కడుతున్నాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి వేళ్ళు సన్నగా, కుదురుగా ఉన్నాయి. కుట్టుపని చేసుకునే వేళ్ళు. పెదవి విరిచాడు. దీనికి మట్టి సంగతేం తెలుసు!

అమ్మాయి ఓపిగ్గా మళ్ళీ చెప్పింది.

"రెండెకరాలండీ. పదిహేనేళ్ళుగా బీడు. నడుంలోతు గడ్డి, మధ్యమధ్య బొటనవేలంత లావు మొక్కలు. వానలు మొదలయ్యేలోగా బాగుచేసి అప్పగించకపోతే, పాపం, ఆ చేనువాళ్ళు ఈ ఏడూ విత్తనం వెయ్యలేరు."

"అందుకే చెప్తున్నా." భుజానికి తగిలించుకునే పెట్రోలు మిషన్ని ముద్దుగా తట్టాడు. రెండేళ్ళుగా అది కొట్లో దుమ్ము తింటోంది. "ఒక్క మనిషికివ్వు. నాలుగు రోజుల్లో చేను అద్దంలా ఉంటుంది."

"రాళ్ళు ఎగరేస్తుందాండీ?"

"మిషనన్నాక కాస్త ఎగరేస్తుంది."

"వద్దండీ."

కొడవలి తీసి బల్లమీద పడేశాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీంతో కొయ్యాలంటే గడ్డి పిడికిట్లో పట్టి లాగాలి. లాగకూడదండీ."

"ఏం, గడ్డికి నొప్పెడుతుందా?"

ఆమె నవ్వి, గోడకి వేలాడుతున్న చేతి కత్తెరలు చూపించింది. ఇంటిముందు పూలమొక్కల్ని దిద్దుకునేవి.

"అవి ఎనిమిది. మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు ఎనిమిది జతలు."

పెద్దాయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. "రెండెకరాలకి క్షవరం చేస్తారా! ఎనిమిదిమంది వరసగా కూర్చుని, పేలు చూసుకుంటూ, ఊసులాడుకుంటూ..."

"పక్కపక్కన కూర్చోమండీ. మనిషికీ మనిషికీ పాతిక గజాలు ఎడం. అది మా పద్ధతి."

"పద్ధతట! నేలలో లంకెబిందెలేమైనా ఉన్నాయా, అంత సుతారంగా గీకడానికి?"

"ఉంటే ఎంత బావుండేదండీ."

ఇంతలో ఆమె ఫోను మోగింది.

"ఆఁ అమ్మా... పొద్దున చెప్పే బయల్దేరాగా... సరే, మళ్ళీ చెప్తున్నా. వెళ్ళొస్తానమ్మా. వస్తా. సాయంత్రం పని దిగగానే ఫోన్ చేస్తా, ఏడవకు."

పెద్దాయనకి ఒళ్ళు మండింది. గడ్డి కొయ్యడానికి పోతూ తల్లికి రెండేసిసార్లు చెప్పుకోవాలా! ఆ తల్లికైనా బుద్ధి ఉండక్కర్లేదా! ఇలాంటివాళ్ళని నమ్ముకున్న చేనువాళ్ళు విత్తనాలు వేయించుకు తినడమే.

కత్తెరల కట్ట తనే మోసుకుంటూ ఆమె వెనకే వ్యాను దాకా వెళ్ళాడు. ఆఖరి మాట అనకుండా ఊరుకునే రకం కాదు ఆయన.

"రెండు వారాల్లో నడుం పడిపోయి, మిషనో అంటూ పరుగెత్తుకొస్తావు. అప్పుడు బేరం ఉండదు, చూసుకో."

"రావాలనే అనుకుంటున్నానండీ," అందామె, వెనక తలుపు తీస్తూ.

కట్ట లోపలికి తోయబోయిన ఆయనకి, వ్యాను అడుగున పేర్చిన ఎర్రపలకల మీద పుర్రె బొమ్మ, దాని కింద 'ఆగండి, మందుపాతరలు' అన్న అక్షరాలు కనిపించాయి.