ఊరుకున్న కొండ

"తాతా, లెగు. ఆ స్టూలు కావాలి."

ముసలాయన లేచాడు. నెట్టు బాగుచెయ్యడానికి వచ్చిన వరహాలరావు స్టూలు లాక్కుని దాని మీద లాప్‌టాప్ పెట్టాడు. తాను కూర్చోవడానికి కుర్చీ ఉండనే ఉంది. లాప్‌టాపుకి దొరికిన మర్యాద మనిషికి దొరకలేదు.

ముసలాయన విస్తళ్ళకి తెచ్చిన అడ్డాకుల కట్ట గోడకి ఆనించి, నేల మీద కూర్చున్నాడు. వంటగది తాళం తీసేదాకా ఆఫీసు గదిలో ఆగమన్నారు.

డుంబ్రిగుడ దాటాక ఉన్న ఆడపిల్లల హాస్టలు స్కూలు అది. పదకొండింటికి నలభైమంది పిల్లలకు ఆన్‌లైన్లో ప్రవేశ పరీక్ష. టైము పదిన్నర అయింది. పొద్దుటి నుంచి నెట్టు లేదు. ఈ పరీక్ష తప్పితే మళ్ళీ ఏడాదికే.

"అవుతుందా వరహాలరావు గారూ?" హెడ్‌మిస్ట్రెస్ హేమలత అడగడం అది నాలుగోసారి.

"అయిపోద్ది మేడం. విశాఖ నుంచి ఊరికే వచ్చేనేటి?"

గోడకి నెట్టు నడిపే చిన్న లినక్స్ పెట్టె. ఆఫీసు, ల్యాబు, హాస్టలు, మూడు చోట్ల వైర్లూ వచ్చి దానికే తగులుకున్నాయి. ఆ మూడింటినీ కలిపే ప్రోగ్రాము, బ్రిడ్జి అంటారు, ఆ పెట్టె లోపల ఉంది. వరహాలరావు బ్రిడ్జిని ఆపాడు, మళ్ళీ లేపాడు. లేపగానే లైట్లన్నీ ఒక్కసారిగా, ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

కంప్యూటర్ టీచరు కామేష్ స్క్రీను వంక తొంగిచూశాడు. "గాసి జీరో అంటే ఏటి సార్?"

"బ్రిడ్జి పేరు. మా హెడ్డాఫీసోళ్ళు పెట్టేరు. ఎవరో ఇటలీ సైంటిస్టు అయ్యుంటాడు. పెట్టెలన్నిట్లోనూ అదే పేరు."

"బాబూ," నేల మీంచి ముసలాయన అడిగాడు. "ఆ లైట్లు ఏటి చెప్తన్నాయి?"

"కబుర్లు తాతా. ఈ గది మాట ఆ గదికి పోతంది."

"చేరితే ఆగాల కదా. ఇది ఆగట్లేదు. పోయిందే తిరిగి తిరిగి వస్తంది."

"నువ్వూరుకో తాతా. ఆకులు తెచ్చినోడివి ఆకులు సూసుకో."

తాత ఊరుకోలేదు. ఊరుకోవడం ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అయినా ఊరుకోలేదు.

"మాయి మూడు కొండలు బాబూ. ఫోన్లు లేనప్పుడు కబురుంటే ఈ కొండ మీంచి కేకేస్తాం. ఆ కొండోళ్ళు అందుకుని పక్క కొండకి కేకేస్తారు. ఓసారి పులొచ్చిందని కేకేశారు. మూడు కొండలూ అందుకున్నాయి. తిరిగొచ్చిన కేక ఇంకో పులి అనుకుని మళ్ళీ కేకేశారు. పొద్దుగూకేసరికి ఒక పులి ముప్పై పులులైంది. పోడుకి పోయినోడు లేడు."

కామేష్ నవ్వాడు.

"అప్పుడు పెద్దోళ్ళు కట్టడి పెట్టారు. ఒక కొండ ఊరుకోవాల. వినాల గానీ అందుకోకూడదు. గాలివాన పట్టి మిగతా కొండలోళ్ళకి ఒకరి కేక ఒకరికి వినపడకపోతే అప్పుడు లెగాల. ఆ ఊరుకునే కొండ మాది." తాత నడుం నిటారుగా పెట్టాడు. "ఊరుకునే పని నాది. ఇరవయ్యేళ్ళు చేశాను. అందరికీ చేతకాదు బాబూ."

వరహాలరావు వేళ్ళు ఆగిపోయాయి. ఒక కొండ ఊరుకోవాలి. ఆ మాట తను ఎక్కడో చదివాడు.

"కామేష్, ఈమధ్య వైర్లు ఏటైనా మార్చేరా?"

కామేష్ నవ్వు పోయింది. "నిన్న ల్యాబు నుంచి హాస్టలుకి నేరుగా ఒక వైరు కలిపేనండి. స్పీడొస్తదని..."

ఇంకేముంది. పెట్టె, ల్యాబు, హాస్టలు చుట్టు కట్టేశాయి. పంపిన మాటే తిరిగొస్తుంటే, కొత్తదనుకుని పెట్టె మళ్ళీ పంపుతోంది.

వరహాలరావు హెడ్డాఫీసు ఇచ్చిన అసలు ఫైలు తెరిచాడు. చుట్టు పడితే ఒక దారిని మూసి ఉంచే లైను అందులో ఉంది. దాని పైన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి ఉంది: ఒక కొండ ఊరుకోవాలి. ఈ లైను తీయకండి.

తీసింది తనే. అది ఉంటే బ్రిడ్జి లేవడానికి అరనిమిషం ఎక్కువ పడుతుందని ఎనభై స్కూళ్ళలో తీసేశాడు. కొండేటి, ఊరుకోవడమేటి అని నవ్వుకున్నాడు కూడా.

"నా వైరు పీకెయ్యనా సార్?"

"ఉండనీ. రేపు ఇంకోటి తెగితే అదే అక్కరకొస్తది."

లైను మళ్ళీ పెట్టి ఎంటర్ నొక్కాడు. అరనిమిషం అందరూ లైట్ల వంకే చూశారు.

లైట్లు నెమ్మదించాయి. మాట్లాడి ఆగుతున్నాయి, ఆగి మాట్లాడుతున్నాయి.

"వచ్చింది మేడం!" ల్యాబులోంచి నలభై గొంతులు.

హేమలత పరుగెత్తింది. పరీక్ష మొదలయ్యాక తిరిగొచ్చేసరికి వరహాలరావు ఖాళీ స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు. లాప్‌టాప్ ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"మేడం, ఆ తాత ఏడీ? కుర్చీ అయినా ఇవ్వలేదు నేను."

"ఆకులు ఇచ్చేసి జీపెక్కేశాడండీ. ఆయనంటే మా స్కూలుకే గర్వం. కనక అని, వాళ్ళమ్మాయి ఇక్కడే చదువుకుంది. ఇప్పుడు మీ హెడ్డాఫీసులోనే ఈ పెట్టెల ప్రోగ్రాములు రాస్తోంది. ఏం చేస్తోందని ఎవరడిగినా, 'కబుర్లు పంపే పని, మా ఇంటి పనే' అంటాడు."

వరహాలరావు లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టాడు.

"తాత పేరేటండి?"

ఎనభై స్కూళ్ళలో వరహాలరావు తన చేత్తో టైపు చేసిన ఇటలీ సైంటిస్టు పేరే చెప్పింది హేమలత, "గాసి."