కర్నూల్లో కట్టాల

"కర్నూల్లోనే కట్టాల. ఈడ కడితే ఊరంతా తెలిసిపోతాది."

కోడలి గొంతు! పొలం నుంచి వస్తున్న ఏసుమణి, తల మీద చెనక్కాయల గంపతో అలాగే గోడ చాటున నిలిచిపోయింది.

"సరేలేక్కా, కాగితాలు నేను పంపిస్తా" అన్నాడు పోస్టుమాన్ ఓబులేసు. "మీ అత్తకు తెల్దు గదా?"

"అమ్మో! ఆమెకు తెలిస్తే బతకదు."

ఆడపిల్ల ఊరికి తెలియకుండా వేరే ఊళ్లో కట్టించుకునేది ఏముంటుంది, తాళి తప్ప? పైగా కాగితాలట! రిజిస్టరు పెళ్లే!

వేంపల్లె చర్చి పేటలో ఎస్సెల్సీ పాసైన మొదటివాడు ఆమె కొడుకు లేవి. చర్చి బడిలో పిల్లలకు చదువు చెబుతాడు. 'ఎస్సెల్సీ లేవి తల్లి' అని పిలిస్తే ఏసుమణికి కడుపు నిండిపోతుంది. వాడికి సాటి రావాలని, కర్నూల్లో ఎస్సెల్సీ పాసైన కృపమణిని ఏరికోరి తెచ్చుకుంది. ఇప్పుడా పిల్లే వాడి పరువు బజారున పెట్టబోతోంది!

ఆరోజు అన్నం దగ్గర కొడుకును కదిపింది.

"ఒరే, నీ పెండ్లాం మీద ఓ కన్నేసి పెట్టురా."

లేవికి పొలమారింది. "యాలమ్మా?"

"ఆ ఓబులేసుతో గుసగుసలేంది? నేను లోపలికొస్తే చాలు, ఏందో కొంగు కింద దాస్తాది!"

"పుట్టింటికి జాబులు రాసుకుంటాంటాదిలేమ్మా" అన్నాడు లేవి, కంచంలోంచి తల ఎత్తకుండా.

ఇంత అమాయకుణ్ణి మోసం చేయడానికి దానికి మనసెలా వచ్చిందో!

మార్చి నెలలో కృపమణి ట్రంకుపెట్టె సర్దింది. "మా అమ్మకు బాగలేదంటత్తా. మేమిద్దరం వారం రోజులు కర్నూలు పోయొస్తాం."

మొగుణ్ణి కూడా వెంటబెట్టుకుని పోతోందంటే ఎంత గుండె ధైర్యం! ఏసుమణి బస్సు వచ్చేదాకా ఓపిక పట్టింది. పెట్టె పైకెక్కించబోతుంటే అడ్డం నిలబడింది.

"పెట్టె తెరువు."

"అత్తా, అందరూ చూస్తాండారు..."

"చూడనీ! కర్నూల్లో ఎవునితో తాళి కట్టించుకుంటావో అందరికీ తెలియనీ!"

ఏసుమణి తానే మూత ఎత్తింది. పట్టుచీర లేదు. లెక్కల పుస్తకం, భూగోళం, కొలబద్ద, సిరాబుడ్డి!

తపాలా సంచితో అక్కడే ఉన్న ఓబులేసు పకపకా నవ్వాడు. "తాళి కాదమ్మోవ్! ఎస్సెల్సీ కట్టేది, ప్రైవేటుగా! పరీక్షకు ఫీజు కట్టడం!"

బస్సులోని వాళ్లంతా ఘొల్లున నవ్వారు.

లేవి ముందుకొచ్చాడు. "అమ్మా, నిజం చెప్తా, ఇను..."

"నేను చెప్తా" అంటూ కృపమణి అతని చేయి పట్టి వెనక్కి లాగింది. "నేను పాస్ కాలేదత్తా. పెండ్లప్పుడు అబద్ధం చెప్పినాం."

ఏసుమణి కోడల్ని ఎగాదిగా చూసింది. గుండెల మీంచి బండ దిగినట్లయింది. ఇంతేనా!

"ఓసి దొంగదానా! నా కొడుకు ఒక్క తూరికే గట్టెక్కినాడు. వాని దగ్గర కూర్చోని నేర్చుకోకూడదా? పో, బాగా రాసిరా. ఈ తూరి తప్పితే ఇంట్లోకి రానీను!"

"తప్పం అత్తా" అంది కృపమణి కళ్లు తుడుచుకుంటూ.

బస్సు కదలబోతుండగా ఓబులేసు సంచిలోంచి ఒక కవరు తీశాడు. "హాల్ టికెట్టు! ఇప్పుడే వచ్చింది."

ఏసుమణి అందుకుని, అక్షరం రాకపోయినా ముద్రను కళ్లకద్దుకుని, కిటికీలోంచి కోడలి చేతికిచ్చింది.

కవరు మీద, లోపలి హాల్ టికెట్టు మీద ఉన్న పేరు లేవిది.