ఇంకో జీతం చీటీ

"ఉద్యోగం మానేసి ఎన్నాళ్లయింది?" ఫైలు తెరవకుండానే అడిగాడు బ్యాంకు ఆఫీసరు.

"ఎనిమిది నెలలండీ. సొంతంగా వైరింగ్ కాంట్రాక్టులు చేస్తున్నాను. అప్పటికన్నా రెట్టింపు వస్తోంది," అన్నాడు ఎలక్ట్రీషియన్. "మేం కొనాలనుకున్న రెండు గదుల ఇల్లు ఈ నెలాఖరు దాకానే మాకోసం ఆపుతారట."

"రెండేళ్ల లెక్కలు చూపించందే ఇంటి లోను రాదు. నెల జీతం వదులుకుని ఎందుకొచ్చిన గొప్పలయ్యా ఇవి?"

పక్కన కూర్చున్న అతని భార్య నవ్వింది. "పోయిన నెల ఈయన దగ్గర పనిచేసే మనిషికి మీరే లోను ఇచ్చారుగా!"

"ఆయనకు జీతం చీటీలున్నాయమ్మా."

"వాటి మీద సంతకం ఈయనదే. ఆ సంతకం పనివాడి ఇంటికి చెల్లుతుంది, మా ఇంటికి చెల్లదు. అబ్బ, ఏం తెలివండీ మీది!"

ఆఫీసరు కంప్యూటరు వైపు తిరిగాడు.

"బాగా గడ్డి పెట్టావు," అన్నాడు భర్త మురిసిపోతూ.

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ చీటీలన్నీ రాసింది నేను. సామాను తెప్పించేది, ఫోన్లకు జవాబు చెప్పేది నేను. నా పేర ఒక్క చీటీ అయినా రాయమన్నారా?"

"మనింటి పనికి జీతమేమిటే?"

"ఏ ఇల్లు?"

అతను బల్ల మీద తెరవని ఫైలు వైపు చూశాడు.

"ఈ ఇల్లు ఎలాగూ పోయినట్టే. ఇంకోటి దొరికేసరికి నా దగ్గరా చీటీలుండాలి."

ఆమె సంచిలోంచి చీటీల పుస్తకం తీసి, అక్కడే తన పేరు రాసి, అతని ముందుకు జరిపింది. అతను పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. ఆమె తన పెన్ను అందించింది.